మీసానికి పారిన నీళ్లు

మా తమ్ముడు గుండుతో జమ్మలమడుగు బస్టాండులో దిగిన రోజు, టీ అంగడి ముందర కూర్చున్నవాళ్ల చేతుల్లో గ్లాసులు నోటిదాకా పోకుండా నడిమిట్లోనే ఆగిపోయాయి. ఈ మాట వాడు చెప్పింది కాదు. వాడికి ఆ రోజుల్లో వాడి భుజాలు తప్ప ఇంకేమీ కనిపించేవి కావు. పక్కనే గాజుల అంగట్లో బేరమాడుతున్న నేను చూశాను.

గుండులో అంత ఏముంది అని కోస్తా వాళ్లు అడుగుతారు. మా దగ్గర మగవాడి తలకాయ గోడ మీది పోస్టరు లాంటిది. దారిన పోయే ప్రతివాడూ ఆగి చదువుతాడు. గుండు కనిపిస్తే తండ్రి పోయాడని చదువుకుంటారు, లేకపోతే తిరుపతి మొక్కు తీర్చుకున్నాడని చదువుకుంటారు. మా ఇంటికి ఆ రెండూ కుదరవు. మా ముత్తాత కాలంలోనే దొరల మిషన్‌లో కలిసినవాళ్లం మేము. మాకు చావుకూ గుండు లేదు, మొక్కుకూ గుండు లేదు. మా నాయన మిషన్ బడిలో అయ్యవారుగా పనిచేసి రిటైరైన మనిషి. అలాంటి ఇంటి పిల్లవాడు, అదీ ఒక పార్టీ నాయకుడి జీపుల వెంట తిరిగే పిల్లవాడు, సరిగ్గా ఎలక్షన్ల ముందు నున్నగా గొరిగించుకుని వస్తే ఊరికి చదవడానికి మిగిలింది ఒక్కటే. వీడు ప్రతిన పట్టాడు.

ఆ ఏండ్లలో ప్రతినలు అట్లాగే ఉండేవి. పగ తీరేదాకా చెప్పులు తొడగనని ఒకడు ఎండలో బొబ్బలెక్కిన కాళ్లతో తిరిగాడు. గడ్డం గీయనని ఇంకొకడు పెండ్లికి కూడా అదే గడ్డంతో కూర్చున్నాడు. కాబట్టి మా వాడు ఎదుటి పార్టీలో ఎవడో ఒకణ్ణి పడగొట్టేదాకా నెత్తి మీద వెంట్రుక మొలవనివ్వనని ఒట్టు పెట్టుకున్నాడని ఊరు తేల్చేసింది.

అసలు సంగతి మా ఇంట్లో వాళ్లకు మాత్రమే తెలుసు. వాడికి జుట్టు రాలిపోతోంది. అంతే.

వాడు మొదటి నుంచీ పుల్ల మాదిరి ఉండేవాడు. ఇంటర్ తప్పాక ఆ నాయకుడి బండ్ల వెంట పడ్డాడు. నాయకుడి పేరు రాయను, పార్టీ పేరూ రాయను. వాళ్లు కండువాలు ఇటూ అటూ ఎన్నిసార్లు మార్చుకున్నారో వాళ్లకే గుర్తు లేనప్పుడు నాకెందుకు? ఆ బండ్లలో కూడా పెండ్లి విందు పంక్తిలో మాదిరి వరసలుండేవి. మొదటి జీపులో మెడలు లావున్నవాళ్లు కూర్చునేవాళ్లు. చివరి జీపులో జెండాలు, నీళ్ల డబ్బాలు, వాటి మధ్య మా తమ్ముడు. ఒకసారి ముందు బండి ఎక్కబోతే వాళ్లలో ఒకడు అన్నాడంట: "నువ్వీడ కూసుంటే గాలికి ఎగిరిపోతావబ్బీ, నిన్ను ఎదుక్కుండేదానికి ఇంగో జీపు గావల్ల." అందరూ నవ్వారు. వాడు ఆ రోజే బట్టలు సర్దుకుని ప్రొద్దుటూరులో నా ఇంటికి వచ్చేశాడు.

ప్రొద్దుటూరులో బట్టల అంగళ్ల వెనక సందులో ఒక జిమ్ము ఉండేది. పొద్దున్నే పోవడం, మాపటికి పోవడం, గుడ్లు మింగడం, అరటిపండ్లు గెలకు గెల ఖాళీ చేయడం. మొదట్లో నాకు సంతోషంగానే ఉండింది. ఆ చలికాలం పోయి ఎండాకాలం వచ్చేసరికి వాడి చొక్కాలు ఒక్కటీ వాడికి పట్టలేదు. మెడకూ భుజానికీ మధ్య ఒక కొత్త కండ లేచింది. గొంతు గరుకెక్కింది. పెదవి మీద నూగు మాదిరి ఉన్న మీసం గుబురుగా, నల్లగా మారింది. మా అమ్మ వచ్చి వాణ్ణి చూసి గడప దగ్గరే నిలబడిపోయింది. "ఒమే, వీడు మనోడేనా?" అంది నాతో.

మనోడే. కాకపోతే స్నానాల గది అటక మీద, సబ్బు పెట్టె వెనక, నూనె లాంటి మందు ఉన్న చిన్న సీసాలు, సూదులు దొరికాయి నాకు. మీద రాసిన పేరు చదివాను. జువాలజీతో డిగ్రీ చేసినదాన్ని, ఆ పేరు చివర తోక చూస్తూనే అర్థమైంది. అది మగ హార్మోను జాతి స్టెరాయిడ్.

"ఏందిరా ఇది?"

"విటమిన్లక్కా. జిమ్ము మాస్టరు ఇచ్చినాడు."

"నాకు చెప్తాండావా విటమిన్లు? చీటీ రాసిందెవురు? డాక్టరెవురు?"

"ముందు బండిలో కూసుండేవోళ్లంతా యేసుకుంటారు. నువ్వు గమ్మునుండు."

నేను గమ్మునుండే మనిషినైతే మా అత్త ఇంకా పదేండ్లు సుఖంగా బతికేది. ఆ వీధి మొత్తం వినేటట్టు అరిచాను. వాడు కూడా అరిచాడు. తలుపును ఒక్క గుద్దు గుద్దితే గొళ్లెం ఊడి వచ్చింది. అంతకు ముందు వాడు ఈగను కూడా గట్టిగా తోలి ఎరగడు.

తర్వాత జుట్టు మొదలైంది. దిండు మీద, సంగటి తినే తట్టలో, స్నానాల గది జాలీలో. నుదుటికి రెండు పక్కలా ముందు పలచబడింది, తర్వాత నడినెత్తిన తోలు కనిపించసాగింది. మీసం మాత్రం రోజు రోజుకీ దట్టమవుతోంది. అది చూసి నాకు పిచ్చెక్కినట్టయింది. ఒకే మొహం. పైన కరువు, కింద పంట. ఇదేం న్యాయం?

వాణ్ణి బెదిరించి, బతిమాలి ప్రొద్దుటూరులోనే ఒక చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. ఆమె వాడి తల వంచి, నడినెత్తిన ఒక పాయ, వెనక మెడ దగ్గర ఒక పాయ పట్టుకుని చూసింది. వీపు మీద మొటిమలు చూసింది. ఎప్పటి నుంచి వేసుకుంటున్నావని మాత్రమే అడిగింది. వేసుకుంటున్నావా అని అడగలేదు. వాడు తల దించుకున్నాడు.

ఆమె చెప్పింది నా మాటల్లో రాస్తున్నాను. మీసానికి, గడ్డానికి, ఛాతీ మీది వెంట్రుకలకు నీళ్లు పెట్టేది మగ హార్మోనే. ఒంట్లో ఒక ఎంజైము దాన్ని ఇంకా ఘాటైన రూపంలోకి మారుస్తుంది. ఆ ఘాటు తగిలితే మీసం కుదురు బలుస్తుంది. అదే ఘాటు నడినెత్తిన తగిలితే, పుట్టుకతోనే బట్టతల గుణం ఉన్నవాళ్లలో, కుదురు కుంచించుకుపోతుంది. వెంట్రుక ఒక్కసారిగా చావదు. రాలిన ప్రతిసారీ మళ్లీ మొలుస్తుంది, కానీ ముందరి దానికంటే సన్నగా, పొట్టిగా మొలుస్తుంది. అట్లా విడత విడతకూ తగ్గి తగ్గి చివరికి పసిబిడ్డ నూగు మాదిరి అవుతుంది. వెనకవైపు కుదుళ్లకు మాత్రం ఈ హార్మోను ఎంత పారినా ఏమీ కాదు. అవి వినవు. వాటి దారి వాటిది.

"అందరికీ ఇట్లా అవుతుందా?" అన్నాను.

"కాదమ్మా. ఆ గుణం లేనివాడు సూదులు వేసుకున్నా జుట్టు నిలవవచ్చు. వాడికి వేరే నష్టాలుంటాయి. గుణం ఉన్నవాడికి ఎప్పుడో నడివయసులో నిదానంగా రావలసింది ఇప్పుడే పరుగెత్తుకుంటూ వస్తుంది."

"ఆపితే తిరిగి వస్తుందా?"

"కొంత నిలబడవచ్చు. కుంచించుకుపోయిన కుదుళ్లు మళ్లీ లేస్తాయని నేను మాట ఇవ్వలేను. జుట్టు సంగతి తర్వాత. ముందు ఆ సూది ఆపాలి. గుండె ఉంది, లివరు ఉంది. ఇంకో సంగతి కూడా ఉంది." ఆమె నా మొహం చూసి, వాడి మొహం చూసి, ఏమాత్రం బిడియం లేకుండా చెప్పింది. "వీధిలోకి రోజూ ట్యాంకరు వస్తుంటే ఇంటి బావి ఎవరైనా తోడుకుంటారా? బయటి నుంచి హార్మోను వస్తుంటే ఒంట్లో తయారయ్యేది ఆగిపోతుంది. బీజాలు చిన్నవవుతాయి. రేపు పిల్లలు పుట్టడం కష్టం కావచ్చు."

వాడు చెవులదాకా ఎర్రబడ్డాడు. నాకు మాత్రం సిగ్గు రాలేదు. హార్మోన్ల పాఠం బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్నదాన్నే నేను. కానీ పుస్తకంలో ఉన్నప్పుడు అది ఊరికే బొమ్మ, బాణం గుర్తులు. ఇప్పుడు అది నా తమ్ముడి తల మీద నడుస్తోంది. ఒకే నెత్తురు, ఒకే తోలు. మీసానికీ నడినెత్తికీ మధ్య జానెడు దూరం. ఆ జానెడు దూరంలో ఒక చోట వరం, ఒక చోట శాపం. ఏ కుదురు ఎవరి మాట వినాలో, ఏది వినకూడదో తల్లి కడుపులోనే తీర్పు అయిపోయింది. నెత్తికీ మెడకూ మధ్య ఎవరో కనబడని గట్టు వేసి పెట్టారు. ఆసుపత్రి నుంచి ఇంటికి నడిచినంత సేపూ ఎదురొచ్చిన ప్రతి మగవాడి తలా చూశాను. అరటిపండ్లు అమ్మేవాడు, కండక్టరు, ఫాదరు గారు, పోలీసు. అందరి నెత్తిన అదే గట్టు, అదే వంకర. ఇన్నేండ్లు ఎట్లా చూడకుండా బతికానా అనిపించింది.

ఈ మధ్యలో మా అమ్మ ఒక చిత్రం చేసింది. ఆమెకు ఉబ్బసం. అది ముదిరినప్పుడు డాక్టరు రాసిచ్చే మాత్రల పేరు కూడా స్టెరాయిడేనని ఎవరో చెప్పారు. అంతే, మాత్రలు ఆపేసి, జడ ముందుకు వేసుకుని గంటకొకసారి తడుముకోవడం మొదలుపెట్టింది. ఊపిరి ఆడక ఒగరుస్తుంటే నేను పోయి తిట్టాల్సి వచ్చింది.

"నీ మాత్రలు వేరే జాతిమ్మా! పేరొక్కటే. అవి ఊపిరికి, ఇవి కండకు."

"ఇంటి పేరు ఒకటే అయినాక అన్నదమ్ములు గాదా?"

"మన ఇంటి పేరే ఉండే ఆ కమలాపురం ఆయప్ప నీకు అన్నదమ్ముడా?"

అప్పుడు వేసుకుంది.

తమ్ముడు మాత్రం సూది ఆపలేదు. ఎలక్షన్లు దగ్గరికి వచ్చాయి, ఇప్పుడు చిక్కిపోతే ఎట్లా అన్నాడు. జుట్టు ఇంకా పలచబడింది. పక్కల నుంచి దువ్వి నడినెత్తి కప్పుకున్నాడు కొన్నాళ్లు. మళ్లీ నాయకుడి బండ్ల వెంట తిరుగుతున్నాడు కదా, జీపులో గాలికి అది లేచి చెవి పక్కన వేలాడేది. ఆ అవమానం పడలేక ఒక పొద్దున ప్రొద్దుటూరులో క్షవరం అంగడికి పోయి మొత్తం తీయించేశాడు. ఆ మాపటికే జమ్మలమడుగు బస్సెక్కాడు. ఆ రోజు నేను అమ్మను చూడ్డానికి ముందే పోయి అక్కడే ఉన్నాను. గ్లాసులు ఆగిపోవడం చూశానని మొదట్లో రాసింది అప్పటి సంగతే.

విచిత్రమేమంటే, సూదులూ కండలూ ఇవ్వలేనిది గుండు ఇచ్చింది. నాయకుడు వాణ్ణి తేరిపార చూసి, ఏమీ అడగకుండా, భుజం తట్టి ముందు బండి చూపించాడంట. ఎవరూ ఏమీ అడగలేదు. ప్రతిన పట్టినవాణ్ణి ఏ ప్రతిన అని అడగకూడదు కదా! మావాడూ చెప్పలేదు. ఎదురుగా వచ్చే వాళ్లు పక్కకు తప్పుకుంటుంటే చెప్పాలని ఎవడికి బుద్ధి పుడుతుంది?

కొన్నాళ్లకు నాయన దగ్గర చదువుకున్న మనిషి ఒకడు జమ్మలమడుగులో మా ఇంటికి వచ్చాడు. ఎదుటి పార్టీలో పెద్ద పలుకుబడి ఉన్నవాడు. నాయన కుర్చీ చూపించినా కూర్చోలేదు, అరుగు చివర ఒదిగి కూర్చున్నాడు. పుట్టింటికి వచ్చి ఉన్న నేను లోపల బియ్యం ఏరుతున్నాను.

"అయ్యవారూ, మీ చేతికింద చదువుకున్నోన్ని. ఒక మాట అడుగుతా, కోపం చేసుకోవాకండి. మీవోడు ఎవురి మింద పట్టినాడు?"

"ఎవురి మీద పట్టేదేందిరా?"

"అదే, గుండు. తెల్లార్తో తెల్లార్తో గొరిగించుకుంటాండాడంట. మావోళ్లు ఎవురికి వాళ్లు నా మిందనే, నా మిందనే అనుకుంటాండారు. భయపడినోడు ఊరికే ఉండడయ్యవారూ. వాడు కొట్టకముందే మనమే కొడితే పోల్యా అనుకుంటాడు. నేను ఎంతమందిని పట్టుకుంటా? వాన్ని యాడికన్నా పంపీయండి."

నాయన కుర్చీలోంచి లేచాడు. "అది గాదురా, వాడికి జుట్టు..." అని నోరు తెరిచాడు. అంతలో తమ్ముడు లోపలి గది నుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. గుమ్మం నిండిపోయింది. అప్పుడే గొరిగిన తల మెరుస్తోంది. నాయన మాట మింగేశాడు. వచ్చినవాడు లేచి, చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా వెళ్లిపోయాడు.

నేను బియ్యం చేట అవతల పడేశాను.

"చెప్పరా వాడికి! బట్టతల వస్తాందని చెప్పు. నవ్వి పోతారు."

"నవ్వుతారనే చెప్పల్యా."

"నవ్వితే సస్తావా?"

"సస్తే పేరన్నా ఉంటాదక్కా. నవ్వినాక ఏముంటాది?"

ఆ ఒక్క మాటలో మా సీమ ఏండ్లకేండ్లు ఎట్లా నడిచిందో మొత్తం ఉంది. వాణ్ణే చూస్తూ కూర్చున్నాను. పొద్దు వాలింది. అప్పుడు కనిపించింది నాకు. పొద్దున గొరిగిన తల మీద చెవుల పక్కనా, వెనకా నల్లటి నీడ వచ్చింది. నడినెత్తిన రాలేదు. గట్టు ఎక్కడ ఉందో అక్కడిదాకా నీడ, అవతల బోడి. వాడు రోజూ తెల్లార్తో తెల్లార్తో ఎందుకు గొరిగించుకుంటున్నాడో అప్పుడు అర్థమైంది. ఊరు దీక్ష అనుకుంటోంది. వాడు గట్టును దాచుకుంటున్నాడు. నేనూ అరవక్కర్లేదు, నాయనా చెప్పక్కర్లేదు. ఆ తలను కొన్ని వారాలు ముట్టుకోకుండా వదిలేస్తే చాలు, అదే చెప్తుంది.

అమ్మ తమ్ముడు, అంటే మా మేనమామ, పులివెందుల దగ్గర తొండూరు పక్కన చీనీ తోట, కోస్తా వాళ్ల మాటలో బత్తాయి తోట, చేసేవాడు. తన కాలు బెణికింది, మోటారు వేసే దిక్కు లేదు అని ఆయన చేత తమ్ముడికి కబురు పెట్టించాము. మామ అంటే వాడికి ప్రాణం. రెండు రోజులే అని బయలుదేరాడు. నేనూ వెంట పోయాను. మామ కాలు కుంటుకుంటూ ఎదురొచ్చి, పిల్లవాడు బావి గట్టు దాటగానే మామూలుగా నడిచాడు. గడ్డం గీసుకునే కత్తి ముందే ఎక్కడో దాచిపెట్టాడు. బ్లేడు కావాలంటే పులివెందులకు పోవాలి. పోవడానికి వాడికి ఒంట్లో ఓపిక ఉంటే కదా! మందు అయిపోయింది, కొత్తది తెచ్చి ఇచ్చేవాడు లేడు. వాడు కూలబడిపోయాడు.

ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ దిగులే. ఒక బస్తా ఎత్తి భుజాన వేసుకునేవాడు నులకమంచం మీద నుంచి లేవలేడు. ఆవు దూడను కట్టేస్తే చూసి ఏడ్చాడు. "అక్కా, లోపల ఎవురూ లేనట్టుండాది" అన్నాడు. ట్యాంకరు రావడం ఆగింది, బావి ఇంకా ఊరలేదు. డాక్టరమ్మ దగ్గరికి మళ్లీ తీసుకుపోయాను, తలకు తువ్వాల చుట్టి. రక్తం తీసి చూసింది, ఓపిక పట్టమంది, ఎవరో ఒకరు పక్కనే ఉండమంది. ఉన్నాము.

మామ మాత్రం వాణ్ణి ఒక్క పూట కూడా ఊరికే ఉంచలేదు. ఆయన తల చిన్న వయసులోనే పోయింది, అందుకని ఎప్పుడూ తలగుడ్డతో ఉంటాడు.

"నీకు బట్టతల వచ్చేదానికి సూదులెందుకురా? నన్నడిగితే ఊరికే ఇచ్చేవాన్ని గదా!"

నేను కల్పించుకుని, బట్టతల మేనమామ వైపు నుంచే వస్తుందని అందరూ అంటారు గాని రెండు వైపుల నుంచీ రావచ్చంట మామా అన్నాను. ఈడు రాకముందే బీజాలు పోయిన మగవాళ్లకు ఈ బట్టతల రానే రాదని కూడా డాక్టరమ్మ చెప్పిన మాట చెప్పాను. మామ కాసేపు తన కాడెద్దులను చూశాడు. వాటికి చిన్నప్పుడే పశువుల ఆసుపత్రి మనిషిని పిలిపించి బీజాలు నొక్కించాడు. పక్క పొలంలో ఆబోతు ఉంది. దాని మూపురం, దాని మెడ, దాని రంకె ఇక్కడిదాకా వినిపిస్తుంది. చిన్నప్పుడు చూశాను, అన్నీ ఒకే రకం దూడలే. ఇంతింత తేడా ఆ కాస్త రసంలో ఉందా అని మళ్లీ నోరు తెరుచుకున్నాను. మామ తలగుడ్డ సర్దుకుని, "అంత ఖర్చు పెట్టి జుట్టు కాపాడుకుండేవోడు యాడన్నా ఉంటే చూపించమ్మే" అన్నాడు. చాలా రోజుల తర్వాత తమ్ముడు నవ్వాడు.

ఆ తోటలోనే ఇంకోటి చూశాను. ఒకే బోరు నీళ్లు రెండు వైపులకు పారేవి. అరటికి కాలువ నిండా పెట్టేవాడు మామ. చీనీ చెట్టు మొదట్లో మాత్రం నీళ్లు నిలబడకుండా చుట్టూ మన్ను ఎగదోసేవాడు. నిలబడితే వేరు కుళ్లి, కొమ్మ కొసల నుంచి ఎండుకుంటూ వస్తుంది. నీళ్లు చెడ్డవి కావు. చెట్టూ చెడ్డది కాదు. దేనికి ఎంత పడుతుందో దాని వేరులో రాసి ఉంది. మా వాడు మీసానికని నీళ్లు వదిలాడు, అవి నెత్తి మీద నిలబడిపోయాయి.

వారాలు గడిచాయి. ఒక పొద్దున మామా అల్లుడూ నీళ్ల తొట్టి దగ్గర పక్కపక్కన వంగి మొహం కడుక్కుంటున్నారు. మామ తలగుడ్డ తీసి గట్టు మీద పెట్టాడు. నేను వెనక నిలబడ్డాను. రెండు తలలు. ఒకటి నెరిసింది, ఒకటి నల్లది. రెండిటికీ చెవి పైన అదే వంపు, నడినెత్తిన కొద్దిగా ఎడమకు జరిగిన అదే గుండ్రం. ఒకే అచ్చుతో గుద్దినట్టు. ఎన్నడో పోయిన ఏ తాతదో ఆ గీత, మా అమ్మ నెత్తురులో దాక్కుని, ఆమె నల్లని జడ కింద ఒక్క వెంట్రుక కదలకుండా దాటుకుని వచ్చి, ఈ పిల్లవాడి నెత్తిన తేలింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ప్రార్థనలో కూడా నాకు అట్లా ఎప్పుడూ కాలేదు. తమ్ముడు తొట్టి నీళ్లలో తన నీడ, మామ నీడ చాలాసేపు చూశాడు. చేత్తో నీళ్లు కదిపి చెరిపేస్తాడేమో అనుకున్నాను. చెరపలేదు.

"పోదామక్కా," అన్నాడు.

పులివెందుల నుంచి జమ్మలమడుగు దాకా బస్సులో వచ్చాము. మామ తలగుడ్డ వాడి తలకు చుట్టి ఉంది. దిగాము. టీ అంగడి ముందర అదే గుంపు. అరుగు చివర కూర్చుని పోయిన మనిషి కూడా ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచాడు. ఇద్దరు ముగ్గురి చేతులు పంచె మడతల్లోకి పోయాయి. నేను తమ్ముడి ముందుకు నడవబోయాను. వాడు నన్ను మోచేత్తో పక్కకు జరిపాడు.

"ఏమబ్బీ, శానా దినాలకు! తలకు గుడ్డ చుట్టినావే. మొక్కు తీరిందా?" అన్నాడు ఒకడు. గొంతు నవ్వుతోంది, కళ్లు నవ్వడం లేదు.

వాడు తలగుడ్డ విప్పాడు. ఎండ పడింది నెత్తి మీద. చుట్టూరా నల్లగా, దట్టంగా వెంట్రుకలు. నడుమ ఏమీ లేదు.

"మొక్కు లేదు, ప్రతినా లేదప్పా," అన్నాడు. అందరికీ వినిపించింది. "కండలకని సూదులు యేసుకున్న్యా. జుట్టు పాయ. సిగ్గయ్యి గుండు కొట్టించుకున్న్యా. అంతే. ఎవురి మిందా పట్టల్యా నేను."

వాళ్లు ఆ తలను చదువుతున్నారు. చెవి నుంచి చెవికి, ముందు నుంచి వెనక్కి. ప్రతి ఇంట్లో ఉండే తలే అది. అబద్ధమాడే తల కాదు. గుండు ఎవడైనా కొట్టించుకోగలడు. ఆ గట్టును మాత్రం ఏ మంగలీ గీయలేడు.

వాళ్లలో పెద్దాయన ఒకడు, మెడ కింద ముడతలు పడిన మనిషి, మెల్లగా తన తలపాగా తీశాడు. అదే బోడి, అదే గట్టు. "థూ! నాకు సూది లేకుండానే వచ్చిందిరా," అన్నాడు. "నువ్వు దుడ్లు పెట్టి కొనుక్కుంటివా?"

ఎవడో ఒకడు పక్కున నవ్వాడు. తర్వాత అందరూ. అయ్యవారి శిష్యుడు కడుపు పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. మడతల్లోకి పోయిన చేతులు బయటికి వచ్చి తొడలు చరుచుకున్నాయి. మా తమ్ముడు ఆ నవ్వు మధ్యలో నిలబడి ఉన్నాడు. వాడు చావుకంటే ఎక్కువ భయపడింది ఈ నవ్వుకే. అది వచ్చింది, మీద పడింది, పోయింది. వాడు నిలబడే ఉన్నాడు. "రాప్పా, టీ తాగు," అన్నారు. తాగాడు. నేను కూడా తాగాను. అంత తీపి టీ నేను మళ్లీ తాగలేదు.

ముందు బండిలో చోటు ఆ వారమే పోయింది. వెనక బండికి పిలిచారు, వాడు పోలేదు. ఆ ఎలక్షన్ల రోజుల్లో ముందు బండి మీద బాంబులు పడ్డాయి. అది చెప్పి నేను గెలిచానని రాసుకోను. అందులో ఇంకో తల్లి కొడుకు ఉన్నాడు.

బావి ఊరడానికి చాలా కాలం పట్టింది, ఊరింది. వాడికి ఇప్పుడు ఒక కూతురు, కాలేజీలో చదువుతోంది, అచ్చం నా మాదిరే వాదిస్తుంది. వాడు ప్రొద్దుటూరులో చీనీ తోటలకు డ్రిప్పు పైపులు అమ్ముతాడు. మీసం ఇంకా గుబురుగానే ఉంది. జుట్టు తిరిగి రాలేదు.

మొన్న వాడితో పాటు పోయి క్షవరం అంగడి బయట బెంచీ మీద కూర్చున్నాను. అంగట్లో కొత్తగా చేరిన మనిషి వాడి తల చుట్టూ తిరిగి చూసి, "ఈ పక్కలది గూడా తీసేస్తే సమానంగా ఉంటాది సార్. గుండు కొట్టేద్దునా?" అన్నాడు.

మా వాడు అద్దంలో వెనక కూర్చున్న నన్ను చూశాడు. చెవి పక్క వెంట్రుకలను అరచేత్తో ఒకసారి సర్దుకున్నాడు.

"వద్దులేప్పా," అన్నాడు. "కనపడనీ."